నా లాగిన్‌లో ఆ ఆప్షన్ లేదు

పోస్టు కొంచెం పెద్దది. హాస్టల్లో ఉన్నోళ్ళు రాత్రి భోజనం అయ్యాక తీరిగ్గా చదువుకోండి.

మన గ్రూపులో మళ్ళీ మళ్ళీ కనపడే మాట ఒకటుంది. "సిస్టంలో చూపించట్లేదన్నారు." స్కాలర్‌షిప్ పడలేదని ఒకరు, కులం సర్టిఫికెట్ నంబరు కొడితే రావట్లేదని ఒకరు, అటవీ హక్కుల పట్టా చేతిలో ఉంది గానీ ఆన్‌లైన్‌లో లేదని ఇంకొకరు. దాని వెనకే రెండో మాట వచ్చిద్ది. "నా లాగిన్‌లో ఆ ఆప్షన్ లేదు." మనోళ్ళు దీన్ని తప్పించుకునే మాట అనుకుంటారు. కొన్నిసార్లు తప్పించుకోవడమే. కానీ నేను మూడేళ్ళ నుంచి హైదరాబాదులో చేస్తున్న పని డేటాబేస్ సపోర్ట్. ఆ పనిలో ఉన్నాక నాకు అర్థమైంది ఏందంటే, ఆ మాట నిజం కూడా అయ్యుండొచ్చు. నిజమైతే మాత్రం దాని అర్థం "పని కాదు" అని కాదు. "ఆ హక్కు నాకు లేదు, ఇంకొకరికి ఉంది" అని. ఆ ఇంకొకరు ఎవరో డేటాబేస్‌ని అడిగితే చెప్పుద్ది. ఎట్టా అడగాలో చెప్పడానికే ఈ పోస్టు.

ముందు మా ఇంటి విషయం. మాది మాచర్ల నుంచి సాగర్ పోయే దారిలో, ఎత్తిపోతలకు దగ్గర్లో ఉన్న ఒక తండా. మా కాకా కూతురు ఇంటర్ అయ్యి కౌన్సెలింగ్‌కి కూర్చున్న ఏడు, ఆన్‌లైన్ రికార్డులో పిల్ల కేటగిరీ ఎస్టీ బదులు బీసీ అని వచ్చింది. కాయితం మీద సుగాలి అనే ఉంది. కాయితం ఎవరూ చూడరు కదా, నంబరు కొడితే తెర మీద ఏది వస్తే అదే. అవి పత్తి విత్తనాలు పెట్టే రోజులు. కాకా పని వదిలేసుకుని మూడు రోజులు తిరిగాడు. మొదటి టేబుల్ దగ్గర "నాకు చూడ్డమే వచ్చిద్ది, మార్చడం రాదు" అన్నారు. రెండో చోట "మా లాగిన్‌లో ఎడిట్ లేదు" అన్నారు. మూడో చోట "పైనుంచి జరగాలి" అన్నారు. ఆ ఆఫీసులు ఏవో ఇక్కడ రాయను, అవసరం లేదు. రాత్రి కాకా ఫోన్ చేశాడు. మా మాటల్లో అడిగాడు, నేను తెలుగులో రాస్తున్నా: "అరే, ఈ లాగిన్ అంటే ఏందిరా? అది ఎవరి దగ్గర ఉండిద్దో చెప్పు, వాళ్ళ దగ్గరికే పోతా."

కాకా ఐదో తరగతి దాటలేదు. అయినా అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అదే. ఆ వారమంతా ఆఫీసులో నేను చేస్తున్నది కూడా అదే పని. ఒక కస్టమర్ డేటాబేస్‌లో నలభై పైచిలుకు ఖాతాలున్నాయి, ఎవరికి ఏ హక్కు ఉందో జాబితా తియ్యమన్నారు. మా భాషలో దాన్ని యాక్సెస్ రివ్యూ అంటారు. కాకా దాన్నే "ఎవరి దగ్గర ఉండిద్ది" అన్నాడు.

మన హాస్టల్‌నే డేటాబేస్ అనుకోండి. మూడు టేబుళ్ళు: విద్యార్థులు, హాజరు, మెస్ బిల్లు. వార్డెన్, క్లర్కు, వంటమనిషి, స్టూడెంట్ లీడరు, పిల్లలు అందరూ లోపలికి రావాలి. కానీ అందరూ అన్నీ చెయ్యకూడదు. క్లర్కు హాజరు ఎక్కించాలి, పాతది మార్చకూడదు. వార్డెన్ మార్చొచ్చు. పిల్లలు చూడొచ్చు, అంతే. డేటాబేస్‌లో ఈ పనులకి పేర్లున్నాయి. చూడటం సెలెక్ట్, కొత్తది ఎక్కించడం ఇన్సర్ట్, మార్చడం అప్‌డేట్, తీసెయ్యడం డిలీట్. ఒక్కొక్కటీ ఒక ప్రివిలేజ్, అంటే హక్కు. ఇవ్వడానికి గ్రాంట్, వెనక్కి తీసుకోవడానికి రివోక్.

మరి రోల్ ఎందుకు? వార్డెన్ బదిలీ అయ్యి కొత్తాయన వచ్చాడనుకోండి. పాతాయనకి ఇచ్చిన పదిహేను హక్కులు ఒక్కొక్కటే తీసి, కొత్తాయనకి ఒక్కొక్కటే ఇవ్వాలంటే ఎక్కడో ఒకటి మర్చిపోతాం. అందుకే హక్కులన్నీ "వార్డెన్" అనే రోల్‌కి కడతాం. మనిషికి ఆ రోల్ ఇస్తాం. మనిషి మారితే రోల్ ఒకరి దగ్గర తీసి ఇంకొకరికి ఇస్తే సరి. కుర్చీకి అధికారం, కుర్చీలో మనిషి మారతాడు. ఇంటర్వ్యూల్లో "యూజర్‌కీ రోల్‌కీ తేడా ఏంటి" అని తప్పకుండా అడుగుతారు, ఇదే చెప్పండి.

కొంచెం చరిత్ర. సంబంధ డేటాబేస్ అనే ఆలోచన ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో రాసిన వ్యాసంతో మొదలైంది. దాన్ని నిజంగా కట్టి చూపించడానికి శాన్ హోసేలోని ఐబీఎం ప్రయోగశాలలో సిస్టం ఆర్ అనే ప్రాజెక్టు పెట్టారు. అందులో ప్యాట్రీషియా గ్రిఫిత్స్, బ్రాడ్‌ఫర్డ్ వేడ్ అనే ఇద్దరు 1976లో ఈ గ్రాంట్, రివోక్ పద్ధతి మీద పేపర్ రాశారు. ఇవ్వడం తేలికే. వాళ్ళు ఎక్కువ తల పగలగొట్టుకుంది వెనక్కి తీసుకోవడం మీద. నేను నీకిచ్చాను, నువ్వు ఇంకొకరికి ఇచ్చావు, ఇప్పుడు నేను నీ దగ్గర తీసేస్తే నువ్విచ్చిన వాళ్ళ సంగతేంటి? వాళ్ళ జవాబు, వాళ్ళది కూడా పోవాలి, వాళ్ళకి అది వేరే దారిలో విడిగా వచ్చుంటే తప్ప.

ఇంకోటి, నాకు బాగా నచ్చింది. కాడ్ 1985లో ఒక డేటాబేస్‌ని నిజంగా సంబంధ డేటాబేస్ అని ఎప్పుడు ఒప్పుకోవాలో నియమాలు రాశాడు. అందులో నాలుగోది ఏమంటదంటే, డేటాబేస్ తన గురించి తాను దాచుకునే వివరం, అంటే ఏ టేబుళ్ళున్నాయి, ఏముంది అనే సంగతి, అది కూడా మామూలు టేబుల్ లాగే ఉండాలి, అనుమతి ఉన్నవాళ్ళు మామూలు ప్రశ్నతోనే చదవగలగాలి. ఎవరికి ఏ హక్కు అన్న లెక్క కూడా ఈ కేటలాగ్‌లోనే ఉండిద్ది. హక్కుల జాబితా ఎవరో క్లర్కు బీరువాలో తాళం వేసిన రిజిస్టర్ కాదు, అదీ ఒక టేబులే. అందుకే దాన్ని సెలెక్ట్ కొట్టి చూడొచ్చు.

ఇప్పుడు చూద్దాం. కమాండ్లు చదువుకోడానికి తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి.

మైఎస్‌క్యూఎల్‌లో తేలిక. "షో గ్రాంట్స్" అని కొడితే నీకున్న హక్కులు నీకు చూపిద్ది. మొదటి వరసలో "గ్రాంట్ యూసేజ్" అని కనపడితే ఏదో వచ్చిందని సంబరపడొద్దు. యూసేజ్ అంటే లోపలికి రానిస్తారు, ఇంకేమీ లేదు అని. గేటు దాటొచ్చు, ఏ గదికీ తాళం లేదు. ఇంకొకరివి చూడాలంటే "షో గ్రాంట్స్ ఫర్" అని వాళ్ళ పేరు పెట్టాలి. అదైతే అందరికీ రాదు, సిస్టం టేబుళ్ళు చదివే హక్కు ఉన్నోళ్ళకే. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా: నీ హక్కులు నువ్వు చూసుకోడానికి ఎవరి దయా అక్కర్లేదు, ఎదుటోడివి చూడటానికి మాత్రం హక్కు కావాలి.

మైఎస్‌క్యూఎల్‌లో రోల్స్ 2018లో వచ్చిన 8.0 నుంచే ఉన్నాయి. అక్కడ రెండు చిక్కులు. ఒకటి, ఇంకొకరి పేరు మీద షో గ్రాంట్స్ కొడితే "వీళ్ళకి ఫలానా రోల్ ఉంది" అని మాత్రం చూపిద్ది, ఆ రోల్‌లో ఏమేం హక్కులున్నాయో చూపించదు. చివర్లో "యూజింగ్" అని రోల్ పేరు చేరిస్తే అప్పుడు విప్పి చూపిద్ది. రెండోది ఇంకా తమాషా. రోల్ ఇచ్చినంత మాత్రాన అది పనిచెయ్యదు. యాక్టివ్ చెయ్యాలి. "సెలెక్ట్ కరెంట్_రోల్()" అని కొడితే "నన్" అని వచ్చిద్ది. రోల్ ఇచ్చినట్టు లెక్కలో ఉంది, చేతికి మాత్రం ఏమీ రాలేదు. డీఫాల్ట్ రోల్‌గా సెట్ చేస్తేనే లాగిన్ అవ్వగానే పనిచేసిద్ది. మా టీంలో కొత్తగా చేరిన పిల్లలకి ఇది చెప్పేటప్పుడు అందరూ వింతగా చూస్తారు. మనకేం వింత? 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా ఇచ్చారు, ఫోటో దిగారు, ఆన్‌లైన్‌లో ఎక్కలేదు, బ్యాంకుకి పోతే లోను రాలేదు అని ఈ గ్రూపులోనే ఎంతమంది రాశారు. గ్రాంట్ అయ్యింది, యాక్టివ్ కాలేదు.

మైఎస్‌క్యూఎల్ గురించి ఇంకోటి చెప్పి ముందుకి పోతా. అందులో ఖాతా అంటే పేరొక్కటే కాదు, పేరూ, ఎక్కడి నుంచి వస్తున్నావనే చోటూ కలిపి. లక్ష్మి అనే పేరు అదే మెషీన్ నుంచి వస్తే ఒక ఖాతా, వేరే మెషీన్ నుంచి వస్తే ఇంకో ఖాతా. రెండిటి హక్కులు వేరేగా ఉండొచ్చు. "నేను లక్ష్మినే కదా, నిన్న పనిచేసింది, ఇయ్యాల ఎందుకు రాట్లేదు" అని గొడవ. "సెలెక్ట్ కరెంట్_యూజర్()" అని కొడితే నిన్ను ఏ ఖాతా కింద లెక్కేసుకుందో చెప్పుద్ది. ఇది నేర్చుకునేటప్పుడు నాకు కృష్ణ గుర్తొచ్చింది. ఇవతల గుంటూరు జిల్లా వైపు సుగాలీలు ముందు నుంచే ఎస్టీ జాబితాలో ఉన్నారు. అవతల నల్లగొండ వైపు, అదే భాష, అదే గోత్రాలు, పిల్లనిచ్చి పుచ్చుకునే వాళ్ళు, తెలంగాణ లంబాడీలు మాత్రం పార్లమెంటు 1976లో చేసిన సవరణ చట్టం 1977 జూలై 27న అమల్లోకి వచ్చాకే ఎస్టీలయ్యారు. కర్ణాటకలో మనోళ్ళు ఇప్పటికీ ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి. పేరొకటే, వచ్చిన చోటుని బట్టి ఖాతా వేరు. మా తాతలు ఏటి గట్టు మీద నిలబడి ఈ కమాండ్ కొట్టాల్సింది.

పోస్ట్‌గ్రెస్ సంగతి. ఇందులో 2005లో వచ్చిన 8.1 నుంచి యూజర్, గ్రూపు అనే తేడా తీసేసి అన్నిటినీ రోల్ అనే అంటారు. లాగిన్ అయ్యే రోల్ ఉండిద్ది, లాగిన్ కాలేని రోల్ ఉండిద్ది, అంతే తేడా. పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ డి యు కొడితే రోల్స్ అన్నీ వరసగా వస్తాయి. బ్యాక్‌స్లాష్ డి పి కొడితే ఒక్కో టేబుల్ మీద ఎవరికి ఏముందో అక్షరాల్లో చూపిద్ది. ఆర్ అంటే చదవడం, ఏ అంటే ఎక్కించడం, డబ్ల్యూ అంటే మార్చడం, చిన్న డి అంటే తీసెయ్యడం. పేరు, సమానం గుర్తు, అక్షరాలు, గీత, ఇచ్చినోళ్ళ పేరు. మొదట్లో చదవడానికి చిరాకుగా ఉండిద్ది, రెండు రోజుల్లో అలవాటైపోద్ది. ఒక్కటి మాత్రం జాగర్త. సమానం గుర్తుకి ముందు పేరు ఖాళీగా ఉంటే "ఎవరికీ లేదు" అనుకుంటారు. కాదు. ఖాళీ అంటే పబ్లిక్, అంటే అందరికీ.

హాస్టల్ ఉదాహరణకే వస్తే, వంటమనిషికి మెస్ బిల్లు టేబుల్ మార్చే హక్కు ఉందా అని తెలుసుకోవాలి. బ్యాక్‌స్లాష్ డి పి కొట్టి చూశాం, ఆమె పేరు లేదు. అయిపోయిందా? కాలేదు. ఆమెకి "స్టోర్" అనే రోల్ ఇచ్చారు, స్టోర్ రోల్‌ని "ఆఫీసు" అనే రోల్‌లో కలిపారు, ఆఫీసు రోల్‌కి అప్‌డేట్ ఉంది. ఆమె పేరు ఎక్కడా రాయకుండానే హక్కు వచ్చేసింది. దీన్ని వారసత్వం అంటారు. అందుకే పోస్ట్‌గ్రెస్‌లో "హ్యాజ్_టేబుల్_ప్రివిలేజ్" అనే ఫంక్షన్ ఉంది. దానికి మనిషి పేరు, టేబుల్ పేరు, హక్కు పేరు ఇస్తే వారసత్వం కూడా లెక్కేసి అవును, కాదు అని చెప్పుద్ది. ఒరాకిల్‌లో అయితే "డీబీఏ_రోల్_ప్రివ్స్"లో రోల్ వెనక రోల్ తవ్వుకుంటూ పోవాలి, ఆ తర్వాత "డీబీఏ_సిస్_ప్రివ్స్", "డీబీఏ_ట్యాబ్_ప్రివ్స్" చూడాలి. డీబీఏ అనే ముక్క తీసేసి యూజర్ అని పెడితే నీ సొంతవి వస్తాయి. "సెషన్_ప్రివ్స్" కొడితే ఈ క్షణాన నీకు పనిచేస్తున్న సిస్టం హక్కులు వస్తాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో "ఎఫ్ఎన్_మై_పర్మిషన్స్" ఉంది, పైగా అందులో డినై అనేది ఉంది. ఏ రోల్ ద్వారా హక్కు వచ్చినా, మధ్యలో ఒక్క డినై ఉంటే మామూలు యూజర్‌కి ఆగిపోద్ది.

వారసత్వం ఎంత చెడ్డదో మన ఎరుకల అన్నలకి నేను చెప్పక్కర్లేదు. 1871లో తెల్లోడు నేరస్థ జాతుల చట్టం తెచ్చాడు. పుట్టిన బిడ్డకి కూడా ఆ ముద్ర. స్టువర్టుపురం అట్టా పెట్టిన సెటిల్‌మెంటే, 1913లో. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయ్యింది. రివోక్ కొట్టారు. కానీ హాబిచ్యువల్ అఫెండర్స్ చట్టాలని రాష్ట్రాలు వేరేగా పెట్టుకున్నాయి, పోలీసుల చూపు ఆ దారిన మిగిలిపోయింది. ఒక రోల్ తీసేశారు, ఇంకో రోల్ ద్వారా అదే వచ్చింది. డేటాబేస్‌లో రివోక్ కొట్టాక మళ్ళీ ఒకసారి హక్కులు చూడకుండా నేను పని అయిపోయిందని రాయను. టీంలో అందరికంటే ఆలస్యంగా టికెట్ మూసేది నేనే, ఆ పేరుంది నాకు. ఉండనీ.

ఇంకో సంగతి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయ్యింది, నరసరావుపేట జిల్లా కేంద్రం. ఇట్టాంటి మార్పులప్పుడు రికార్డులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుస్తారు. డేటాబేస్‌లో టేబుల్‌ని తీసేసి మళ్ళీ అదే పేరుతో కడితే ఒరాకిల్‌లో, పోస్ట్‌గ్రెస్‌లో పాత హక్కులు పోతాయి. కొత్తగా ఇవ్వాలి. మైఎస్‌క్యూఎల్‌లో తిరకాసు, టేబుల్ పోయినా హక్కు అట్టాగే ఉండిద్ది, మళ్ళీ అదే పేరుతో టేబుల్ పుడితే పాతోడు లోపలికి వచ్చేస్తాడు. "నిన్నటి దాకా వచ్చేది, ఇప్పుడు రావట్లేదు" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగే ప్రశ్న, మధ్యలో ఏం మారింది అని.

ఇప్పటిదాకా మార్చే హక్కు గురించే మాట్లాడుకున్నాం. చూసే హక్కుని అందరూ చిన్నగా చూస్తారు. "చూడ్డమే కదా, సెలెక్ట్ ఇచ్చెయ్" అంటారు మేనేజర్లు. మనకి అసలు ప్రమాదం అక్కడే. పిల్ల పేరు, తండా పేరు, కులం, కాలేజీ, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు అన్నీ ఒకే వరసలో ఉంటాయి. స్కాలర్‌షిప్ డబ్బులు పడ్డ రోజుల్లోనే "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం" అని ఫోన్ వచ్చి, కాలేజీ పేరు కూడా చెప్పి ఓటీపీ అడిగితే ఏ పిల్లైనా నమ్ముద్ది. అది ఎక్కడి నుంచి బయటికి పోయిందో నేను చెప్పలేను గానీ, ఎంతమంది చూడగలరు అన్నదే మొదటి ప్రశ్న.

ఎత్తిపోతలకి వచ్చినోళ్ళకి తెలుసు. చంద్రవంక డెబ్బై అడుగుల పైనుంచి దూకుద్ది. వచ్చినోళ్ళు వ్యూ పాయింట్ దగ్గర కంచె ఇవతల నిలబడి చూడాలి. కింద మడుగులో మొసళ్ళు, మొసళ్ళ పెంపకం కేంద్రం అక్కడే. వ్యూ పాయింట్ ఎక్కడ కట్టారో అక్కడి నుంచి కనపడేదే కనపడిద్ది, వెనక ఏముందో కనపడదు. డేటాబేస్‌లో కూడా వ్యూ అనేది ఉంది, పనీ అదే. టేబుల్ మొత్తం ఇవ్వకుండా పేరు, తరగతి మాత్రం కనపడేలా ఒక వ్యూ కట్టి దాని మీద సెలెక్ట్ ఇస్తారు. కాలమ్ వరకే సెలెక్ట్ ఇవ్వడం కూడా కుదిరిద్ది. కాకపోతే కాలమ్ మీద ఇచ్చిన హక్కులు టేబుల్ హక్కుల జాబితాలో కనపడవు, "ఇన్ఫర్మేషన్_స్కీమా"లో "కాలమ్_ప్రివిలేజెస్" అని వేరే చోట చూడాలి. టేబుల్ జాబితా ఒక్కటి చూసి "బ్యాంకు నంబరు ఎవరికీ కనపడట్లేదు" అని సంతకం పెట్టెయ్యకూడదు. ఇంకా పోస్ట్‌గ్రెస్‌లో సూపర్‌యూజర్ అని ఒకడుంటాడు, ఏ టేబుల్ జాబితాలోనూ వాడి పేరు ఉండదు, కానీ వాడికి ఏ తలుపూ అడ్డం కాదు. బ్యాక్‌స్లాష్ డి యులోనే తెలిసిద్ది.

మళ్ళీ కాకా దగ్గరికి. ఆ రాత్రి ఫోన్లో ఒక పేజీ అర్జీ చెప్పి రాయించా. గొడవేమీ లేదు, మూడు ప్రశ్నలు. ఈ రికార్డులో కేటగిరీ మార్చే అధికారం ఏ హోదా వారి లాగిన్‌కి ఉంది? ఆ మార్పు కోరుతూ ఏ దరఖాస్తు, ఎక్కడ ఇవ్వాలి? దాన్ని ఆమోదించే అధికారి ఎవరు? మనిషి పేరు అడగొద్దు, హోదా అడుగు అని చెప్పా. యూజర్‌ని కాదు, రోల్‌ని అడగాలి. మనిషి పేరు అడిగితే "నన్నెందుకు ఇరికిస్తావ్" అంటారు, హోదా అడిగితే చెప్పడానికి భయం లేదు. రసీదు ముద్ర వేయించుకోమన్నా.

ఆ కాయితం ఇచ్చాక టేబుల్ దగ్గరి మాట మారింది. "లేదు" అన్నోళ్ళే "ఫలానా ఆఫీసులో ఫలానా వారి లాగిన్‌లో ఉండిద్ది, పాత సర్టిఫికెట్ జత చేసి కొత్తగా పెట్టండి" అన్నారు. కాకా అక్కడికి పోయాడు. కౌన్సెలింగ్ గడువుకి రెండు రోజుల ముందు తెర మీద ఎస్టీ అని వచ్చింది. పిల్ల సీటు నిలబడింది. కానీ మొదట బీసీ అని ఎవరు ఎక్కించారు, ఎప్పుడు ఎక్కించారు అన్నది మాకు ఇప్పటికీ తెలియదు. హక్కుల జాబితా చూస్తే ఎవరు చెయ్యగలరో తెలిసిద్ది, ఎవరు చేశారో తెలియదు. అది తెలియాలంటే ఆడిట్ లాగ్ ఉండాలి, ముందే ఆన్ చేసి పెట్టుండాలి. రెండూ వేరు. ఒకదాన్ని చూసి రెండోదాని మీద ఎవరినీ నిందించకూడదు. ఎడిట్ హక్కు ఉన్న పాపానికి అందరూ దొంగలు కారు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట. ఎదుటోడి హక్కులు చూడాలంటే మనకి ఒక హక్కు కావాలి. ఆఫీసుల విషయంలో ఆ హక్కు మనకి 2005లోనే ఇచ్చారు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి) చదవండి. ప్రతి ప్రభుత్వ సంస్థ, ఎవరూ అడక్కుండానే, తన అధికారులు, ఉద్యోగుల అధికారాలు, విధులు ఏంటో ప్రకటించాలి. నిర్ణయం తీసుకునే పద్ధతి, ఎవరు ఎవరికి జవాబుదారీ అన్నది కూడా. ఇది ఆఫీసుకి షో గ్రాంట్స్. పెట్టకపోతే అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకి దిగువ ఉన్నోళ్ళకి ఫీజే లేదు, కార్డు జిరాక్సు పెట్టాలి. జవాబుకి 30 రోజులు. కౌన్సెలింగ్ లాంటి గడువుకి అది అక్కరకి రాదు, అందుకే ముందు మామూలు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోమంటున్నా. అర్జీకే సగం పనులు కదులుతాయి.

బీటెక్, బీఎస్సీ, డిగ్రీ కంప్యూటర్స్ చదివేవాళ్ళకి ఒక మాట. రేపు మీలో కొందరు గ్రామ సచివాలయంలో కూర్చుంటారు, కొందరు కంపెనీల్లో నా పని చేస్తారు. "నా లాగిన్‌లో లేదు" అనే వాక్యం మీ నోటి నుంచి కూడా వచ్చిద్ది, రాక తప్పదు. అది నిజమైనప్పుడు చెప్పండి. చెప్పి ఊరుకోవద్దు, ఎవరి లాగిన్‌లో ఉందో ఇంకో వాక్యం కలపండి. వచ్చినోళ్ళు సాగర్ దాకా బస్సు ఛార్జీ పెట్టుకుని వచ్చుంటారు.

ల్యాప్‌టాప్ లేదని ఆగొద్దు. ఫోన్లో టెర్మక్స్ వేసుకుంటే పోస్ట్‌గ్రెస్, మరియాడీబీ రెండూ ఉచితంగా ఎక్కుతాయి. మరియాడీబీ మైఎస్‌క్యూఎల్‌కి చుట్టమే, షో గ్రాంట్స్ అందులోనూ పనిచేసిద్ది, రోల్స్ దగ్గర మాత్రం కొంచెం తేడాలుంటాయి. ఆదివారం ఇట్టా చెయ్యండి. హాస్టల్ అని ఒక డేటాబేస్ కట్టండి, పైన చెప్పిన మూడు టేబుళ్ళు పెట్టండి. స్టోర్, ఆఫీసు అని రెండు రోల్స్ కట్టి ఒకదాంట్లో ఒకటి కలపండి. వంటమనిషికి స్టోర్ ఇవ్వండి. ఆమె మెస్ బిల్లు మార్చగలదా లేదా అని ముందు కాయితం మీద మీ అంచనా రాసుకుని, తర్వాత డేటాబేస్‌ని అడగండి. ఆ తర్వాత ఆఫీసు రోల్ నుంచి హక్కు తీసేసి మళ్ళీ అడగండి. అంచనా తప్పినోళ్ళు ఎక్కడ తప్పిందో గ్రూపులో పెడితే నేను సాయంత్రం ఆరు తర్వాత ఒక్కొక్కటీ చూస్తా. స్క్రీన్‌షాట్ పెట్టేటప్పుడు పాస్‌వర్డ్ ఉన్న వరస మాత్రం కత్తిరించి పెట్టండి.